గడ్డి, నీళ్లు, మంచు: స్విస్ కట్టుబాట్లు ఎక్కడ పుట్టాయి?

క్లుప్తంగా: ఏడాదికి నాలుగుసార్లు ఓటు వేయడం, నిమిషం తప్పని రైళ్లు, అపార్ట్‌మెంట్‌లో బట్టలు ఉతకడానికి కూడా వంతులు. స్విట్జర్లాండ్ గురించి వినిపించే ఈ విషయాలన్నిటినీ ఆ ప్రజల స్వభావం కింద జమకట్టడం మామూలైంది. స్వభావం కంటే ముందు చూడాల్సింది అక్కడి కొండల్ని. అందరికీ చాలని గడ్డినీ, నీటినీ, అడవినీ పంచుకోవడానికి ఊళ్లు రాసుకున్న నియమాలే ఆ తర్వాతి వ్యవస్థలకు ఒరవడి అయ్యాయి. ఎవరిని లోపలికి రానివ్వాలో, ఎవరిని బయట ఉంచాలో కూడా ఆ నియమాలే తేల్చాయి.

### బ్లాటెన్ తర్వాత లేచిన ప్రశ్న

2025 మే 28న వాలే కాంటన్‌లోని (కాంటన్ అంటే మన రాష్ట్రం లాంటిది) లోట్షెన్‌టాల్ లోయలో బిర్చ్ హిమానీనదం కూలిపోయింది. పైనున్న క్లైనెస్ నెస్ట్‌హార్న్ శిఖరం నుంచి అప్పటికి చాలా రోజులుగా బండలు విరిగి దాని మీద పడుతున్నాయి. ఆ బరువు మోయలేక మంచూ రాళ్లూ కలిసి ఒక్కసారిగా లోయలోకి దిగాయి. బ్లాటెన్ ఊరిలో పదింట తొమ్మిది వంతులు శిథిలాల కిందకు వెళ్లింది. ప్రాణం పోయింది మాత్రం ఒక్కరికే. కొండ కదలికను కొలుస్తున్న నిపుణుల హెచ్చరికతో మే 19 నాటికే సుమారు 300 మందినీ, పశువులనూ ఊరు దాటించారు.

ఆ తర్వాత స్విట్జర్లాండ్‌లోనే ఒక చర్చ మొదలైంది. ఇలాంటి లోయల్లో ఊళ్లను నిలబెట్టడానికి దేశం ఎంతవరకు ఖర్చు పెట్టాలి? బయటి పాఠకుడికి అంతకన్నా ముందే రెండు సందేహాలు వస్తాయి. అసలు అక్కడ ఎందుకు ఉంటున్నారు? మైదానంలో ఉన్నవాళ్లు ఆ ఖర్చుకు ఎందుకు ఒప్పుకుంటున్నారు? జవాబు కోసం పచ్చిక బయళ్ల దగ్గరికి వెళ్లాలి.

### దేశం స్వరూపం

స్విట్జర్లాండ్ విస్తీర్ణం 41,285 చదరపు కిలోమీటర్లు. తెలంగాణలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. జనాభా సుమారు 90 లక్షలు. నేలలో దాదాపు 60 శాతం ఆల్ప్స్ పర్వతాలు, 10 శాతం వాయవ్యాన ఉన్న జురా కొండలు. మిగిలిన 30 శాతం జెనీవా సరస్సు నుంచి కాన్‌స్టన్స్ సరస్సు దాకా సాగే పీఠభూమి. జనంలో మూడింట రెండు వంతులు ఈ పీఠభూమిలోనే ఉంటారు. కాబట్టి సగటు స్విస్ పౌరుడు ఆవులు కాసేవాడు కాదు, జ్యూరిచ్, బెర్న్, లోజాన్ లాంటి నగరాల్లోనో వాటి చుట్టుపక్కలో అద్దెకుండే ఉద్యోగి. సినిమా పాటల్లో కనిపించే పచ్చని వాలు ఆ దేశంలో నిజంగానే ఉంది కానీ, అక్కడ బతికేవాళ్లు కొద్దిమందే.

భాషలు నాలుగు: జర్మన్, ఫ్రెంచ్, ఇటాలియన్, రొమాన్ష్. జర్మన్ మాట్లాడేవారు సుమారు 62 శాతం. రొమాన్ష్ వారు అర శాతం చుట్టుపక్కలే. సముద్రం లేదు, చెప్పుకోదగ్గ ఖనిజాలు లేవు. ఇది ఎప్పటినుంచో సంపన్న దేశం అనుకోవడం పొరపాటు. కొండ ఊళ్లు తమ పిల్లలందరికీ తిండి పెట్టలేక శతాబ్దాల పాటు యువకుల్ని పరాయి రాజుల సైన్యాలకు కిరాయి సైనికులుగా పంపాయి. పోప్‌కు కాపలా కాసే స్విస్ గార్డు (1506 నుంచి) ఆ చరిత్రలో మిగిలిన శేషం. 19వ శతాబ్దంలో ఊళ్లకు ఊళ్లే వలసపోయాయి. 1819లో బ్రెజిల్‌లో నోవా ఫ్రిబర్గో, 1845లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో న్యూ గ్లారస్ అలా వెలిసినవే.

### గడ్డి లెక్క

కొండ వ్యవసాయానికి అసలు చిక్కు చలికాలం. ఏడాదిలో ఆరు నెలలకు పైగా ఆవు కొట్టంలోనే ఉండాలి. రోజుకు సుమారు 15 కిలోల ఎండుగడ్డి చొప్పున లెక్కేసినా, 200 రోజులకు ఒక్కో ఆవుకు 3 టన్నులు కావాలి. ఆ గడ్డి లోయలో ఊరి దగ్గరి చేలలోనే పండాలి. వేసవిలో ఆవులు ఆ చేలలో మేస్తే చలికాలానికి ఏమీ మిగలదు. అందుకే మే, జూన్ నెలల్లో మందను పైకి తోలతారు. ముందు మధ్య ఎత్తున ఉండే మైయెన్‌సెస్ పచ్చికకు, మంచు కరిగే కొద్దీ ఇంకా పైనున్న, ఆల్ప్ అని పిలిచే వేసవి పచ్చికకు. సెప్టెంబర్‌లో దించుతారు. ఆ మూడు నాలుగు నెలల్లో లోయలో గడ్డి కోసి, ఎండబెట్టి, అటకెక్కించుకుంటారు. మంద పైకి వెళ్లడంలో అసలు ప్రయోజనం పైన దొరికే మేత ఒక్కటే కాదు, కింద కోతకు దొరికే వ్యవధి కూడా.

లోయలోని చేను ఎవరిది వారిది. పైనున్న ఆల్ప్ మాత్రం చాలాచోట్ల ఉమ్మడి. ఉమ్మడి పచ్చిక అయితే ఎవరికి వారు ఆవుల్ని పెంచుకుంటూ పోయి చివరికి నేలను గుల్ల చేస్తారని ఆర్థికశాస్త్రంలో చాలాకాలం నమ్మారు. అలా జరగని ఊరికి ఉదాహరణగా వాలేలోని టోర్బెల్ గ్రామాన్ని 2009 ఆర్థికశాస్త్ర నోబెల్ గ్రహీత ఎలినోర్ ఆస్ట్రమ్ ఎత్తి చూపారు. మానవశాస్త్రవేత్త రాబర్ట్ నెట్టింగ్ ఆ ఊరి దస్తావేజులను అంతకుముందే పరిశీలించారు. 1483లో ఊరివాళ్లు ఆల్ప్ వాడకానికి సంఘం పెట్టుకుని ఒప్పందం రాసుకున్నారు. 1517 నాటి కట్టుబాటు ఇంకా పదునైనది: చలికాలం తన సొంత గడ్డితో పోషించగలిగిన ఆవులకు మించి ఎవరూ ఆల్ప్‌కు పంపకూడదు.

ఈ ఒక్క వాక్యం చాలా పని చేస్తుంది. వసంతంలో ఆవుల్ని కొని, ఉమ్మడి పచ్చికపై ఉచితంగా మేపి, శరదృతువులో అమ్ముకునే వ్యాపారానికి దారి మూసుకుపోతుంది. ఎవరి వాటా ఎంతో తేల్చడానికి పెద్ద కొలతలు అక్కర్లేదు, అటకలోని గడ్డే సాక్ష్యం. లోయలో చేను లేని బయటివాడికి పైన హక్కే లేదు. ఆవులు పైకి చేరగానే లెక్క పెడతారు. సీజన్ చివర ఎవరికెంత చీజ్ రావాలో ఆ లెక్కనుబట్టే పంచుతారు. నియమం తప్పినవారికి జరిమానా వేసే ఊరి అధికారికి అందులో సగం దక్కుతుంది కాబట్టి, చూసీ చూడనట్టు ఊరుకోవడం అతనికే నష్టం. వంటచెరకుకూ పద్ధతుంది. కొట్టాల్సిన చెట్లకు అటవీ అధికారి గుర్తు పెడతాడు, ఇళ్లవాళ్లు జట్లుగా నరికి సమానమైన పోగులు పెడతారు, ఏ పోగు ఎవరిదో చీటీ వేసి తేలుస్తారు. ఏది తనకొస్తుందో తెలియదు కాబట్టి, పోగులు పేర్చేటప్పుడు ఎవరూ ఎక్కువతక్కువలు చేయరు.

### ఒక్క చక్రానికి 400 లీటర్లు

పైన పితికిన పాలు రోజూ లోయకు దించడం కుదరని పని. రోజులు నిలవ ఉండేది, మోసుకెళ్లడానికి వీలైనది గట్టి చీజ్. అయితే దానికి ఒక కనీస పరిమాణం ఉంది. గ్రూయేర్ రకం చీజ్‌ను చక్రంలాంటి గుండ్రటి దిమ్మగా చేస్తారు. 35 కిలోల చక్రానికి సుమారు 400 లీటర్ల పాలు కావాలి. చిన్న చక్రం చేస్తే త్వరగా ఎండిపోతుంది, పైపొర కిందే చాలా భాగం పోతుంది. నాలుగు ఆవులున్న ఇల్లు ఒక్కరోజులో 400 లీటర్లు పోగు చేయలేదు. నాలుగైదు రోజుల పాలు కూడబెడదామంటే పులిసిపోతాయి. అంటే చీజ్ కావాలంటే పలు ఇళ్లు కలవాల్సిందే. సహకారం ఆ చోట మంచితనం కొద్దీ కాదు, పాల స్వభావం కొద్దీ వచ్చింది.

చేసే పద్ధతి ఇలా ఉంటుంది. సాయంత్రం పాలను రాత్రంతా ఉంచి, తేలిన మీగడలో కొంత తీస్తారు. పొద్దున పాలు కలిపి రాగి కడాయిలో 32 డిగ్రీల దగ్గరికి వేడిచేసి, తోడు, దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ వేస్తారు. అరగంట, నలభై నిమిషాల్లో పాలు గడ్డకడతాయి. తీగలు బిగించిన చట్రంతో ఆ గడ్డను గోధుమ గింజంత ముక్కలయ్యేలా కోసి, కలుపుతూ మెల్లగా 57 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. ఇక్కడ తొందరపడితే ముక్క పైన గట్టి పొర ఏర్పడి లోపలి నీళ్లు అక్కడే చిక్కుకుంటాయి. నెలల తర్వాత ఆ చీజ్ పులుపెక్కి పగుళ్లు తేలుతుంది. సరిగ్గా వచ్చినదాన్ని బట్టలో ఎత్తి, అచ్చులో మర్నాటి దాకా బరువు కింద ఉంచి, ఉప్పునీళ్లలో వేసి, నేలమాళిగకు చేరుస్తారు. అక్కడ ఐదు నెలల నుంచి ఏడాదిన్నర దాకా ఉప్పునీటితో రుద్దుతూ, తిప్పుతూ ఉంటారు. మిగిలిన పాలవిరుగుడు నీళ్లు పందులకు పోస్తారు.

మేతలోనూ కట్టడి ఉంది. పచ్చి పాలతో చేసే ఈ చీజ్‌కు పాలిచ్చే ఆవులకు సైలేజ్, అంటే గాలి తగలకుండా పులియబెట్టిన మేత, పెట్టకూడదు. అందులోని క్లాస్ట్రిడియం అనే బ్యాక్టీరియా బీజాలు పాలలోకి చేరి, చీజ్ ముదిరే దశలో వాయువు పుట్టించి చక్రాన్ని ఉబ్బించి పగలగొడతాయి. ఒక్క రైతు తప్పు చేసినా అందరి పాలూ కలిసిన కడాయి మొత్తం పాడవుతుంది. ఉమ్మడి పనిలో ఒకరి మీద ఒకరు నిఘా ఎందుకు పెట్టుకుంటారో దీన్నిబట్టి తెలుస్తుంది. లెతివా అనే చీజ్‌కు నియమాలు మరీ కఠినం. మే 10 నుంచి అక్టోబర్ 10 లోపు, 1000-2000 మీటర్ల ఎత్తున, కట్టెల పొయ్యి మీదే చేయాలి.

### నీళ్ల వంతు

వాలే కాంటన్‌లో వింతైన పరిస్థితి ఉంటుంది. చుట్టూ హిమానీనదాలు, లోయలో మాత్రం వాన తక్కువ. రెండు పక్కలా ఎత్తైన పర్వతాలు మేఘాల్ని అడ్డుకోవడం దీనికి కారణం. గడ్డి పండాలంటే హిమానీనదాల నీటిని కిలోమీటర్ల దూరం తేవాలి. అందుకు మధ్యయుగాల్లోనే కాలువలు తవ్వారు. వాటిని ఫ్రెంచ్‌లో బీస్ అనీ, జర్మన్‌లో సూవోనె అనీ అంటారు. కొండ నిటారుగా ఉన్నచోట రాతికి దూలాలు దిగ్గొట్టి, చెక్క తొట్లను వేలాడదీసి నీళ్లు పారించారు. 1442 నాటి ఆయెంట్ కాలువ బొమ్మ ఇప్పటి 100 ఫ్రాంకుల నోటు మీద ఉంది.

కాలువ తవ్వడం కంటే దాన్ని ఏటా నిలబెట్టుకోవడం కష్టం. వసంతంలో వాటాదారులంతా వచ్చి రాళ్లు తీసి, తొట్లు బాగుచేయాలి. ఎవరికి ఎన్ని గంటల నీరో చెక్క ముక్కల మీద గాట్లు పెట్టి గుర్తుంచుకునేవారు. కాపలాదారు చేసే పని తెలంగాణ చెరువుల కింద నీరటి చేసే పనికి చాలా దగ్గర: వంతు ప్రకారం తూము తెరవడం, గండి పడితే పరుగెత్తడం. రాత్రిపూట కాలువ పొడవునా తిరగలేరు కాబట్టి మధ్యలో చిన్న నీటి చక్రం పెట్టి, అది తిరిగినప్పుడల్లా చెక్క సుత్తి మోగేలా చేశారు. చప్పుడు ఆగిందంటే నీళ్లు ఆగాయని అర్థం. కాపలాదారు లాంతరుతో బయలుదేరేవాడు. ఇలాంటి సంప్రదాయ సాగునీటి పద్ధతుల్ని, ఆల్ప్ మీద మేపే ఆనవాయితీని కూడా యునెస్కో 2023లో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

### మంచు, అడవి, బీమా

ఊరి పైవాలున చెట్లుంటే మంచుపొర ఒక్కపెట్టున జారదు. ఆండర్‌మాట్ ఊరివాళ్లు 1397లోనే తమ పైనున్న అడవిని ఎవరూ ముట్టుకోకూడదని శాసనపత్రం రాసుకున్నారు. ఎత్తైన కొండ ప్రాంతాలన్నిటికీ ఈ ఆలోచన 1876 అటవీ చట్టంతో, దేశమంతటికీ 1902 చట్టంతో విస్తరించింది. మొత్తం అడవి విస్తీర్ణం తగ్గకూడదన్నది అప్పటినుంచీ మూలసూత్రం. 1951 చలికాలంలో వరుసగా విరిగిపడ్డ మంచుచరియలు దాదాపు వంద మందిని బలిగొన్నాక ఉక్కు కంచెలు, ప్రమాద పటాలు ఊపందుకున్నాయి. ఆ పటాల్లో ఎర్ర మండలంలో కొత్త ఇల్లు కట్టనివ్వరు. నీలి మండలంలో షరతులతో కట్టుకోవచ్చు.

మైదానంవాళ్లు కొండవాళ్లకు ఎందుకు చెల్లిస్తారన్న ప్రశ్నకు జవాబు బీమా నియమంలో ఉంది. 26 కాంటన్లలో 19 చోట్ల భవనాల బీమా ప్రభుత్వ సంస్థలదే. వాలేతో సహా మిగిలిన 7 చోట్ల ప్రైవేటు కంపెనీలు చేస్తాయి కానీ, అగ్నిప్రమాద బీమాతో పాటే వరద, మంచుచరియలు, కొండచరియల బీమా కూడా చట్టప్రకారం ఇవ్వాల్సిందే, అదీ అందరికీ ఒకే ప్రీమియం రేటుతో. ప్రమాదాన్ని బట్టి రేటు పెట్టుకోనిస్తే బ్లాటెన్ లాంటి ఊళ్లకు బీమా దొరికేదే కాదు. కంపెనీలు నష్టాన్ని ఒక ఉమ్మడి నిధి ద్వారా పంచుకుంటాయి.

### ఊరి సభ నుంచి దేశం ఓటు దాకా

1291లో ఉరి (Uri), ష్విట్స్, ఉంటర్‌వాల్డెన్ అనే మూడు లోయలు చేసుకున్న పరస్పర రక్షణ ఒప్పందాన్ని దేశం తన పుట్టుకగా చెప్పుకుంటుంది. ఇప్పటి సమాఖ్య మాత్రం 1848 నాటిది. అంతకు ముందు ఏడాది కాథలిక్, ప్రొటెస్టెంట్ కాంటన్ల మధ్య నెలలోపే ముగిసిన అంతర్యుద్ధం జరిగింది. గెలిచినవారు ఓడినవారిని అణగదొక్కకుండా, కాంటన్లకు చాలా అధికారాలు వదిలేసి రాజ్యాంగం రాశారు. పన్ను, పాఠశాల, పోలీసు ఇప్పటికీ ఎక్కువగా కాంటన్ల చేతిలోనే ఉన్నాయి. వాటి కింద 2100కు పైగా కమ్యూన్లు, అంటే ఊరి లేదా పట్టణ స్థాయి పాలనా విభాగాలు, ఉన్నాయి. కమ్యూన్ తన పన్ను శాతాన్ని తానే నిర్ణయించుకుంటుంది. గ్లారస్, అపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ కాంటన్లలో పౌరులు ఏటా బహిరంగ మైదానంలో చేరి చేతులెత్తి చట్టాలు తేలుస్తారు.

సమాఖ్య స్థాయిలో రెండు సాధనాలున్నాయి. పార్లమెంటు చేసిన చట్టం నచ్చకపోతే 100 రోజుల్లో 50,000 సంతకాలు తెస్తే దాన్ని ప్రజల ఓటుకు పెట్టాలి (ఈ హక్కు 1874 నాటిది). రాజ్యాంగాన్నే సవరించాలంటే 18 నెలల్లో 1,00,000 సంతకాలు తేవాలి (ఈ హక్కు 1891 నాటిది). రాజ్యాంగ సవరణకు ప్రజల మెజారిటీతో పాటు కాంటన్ల మెజారిటీ కూడా రావాలి. 2020 నవంబర్‌లో బహుళజాతి కంపెనీల బాధ్యతపై వచ్చిన ప్రతిపాదనకు ఓటర్లలో 50.7 శాతం ఒప్పుకున్నా, కాంటన్లు ఎక్కువగా వద్దనడంతో అది వీగిపోయింది.

ఈ ఓట్ల అసలు ప్రభావం పోలింగ్ రోజున కనిపించదు. ఏ బలమైన వర్గమైనా సంతకాలు సేకరించి చట్టాన్ని ఆపగలదు కాబట్టి, ముసాయిదా దశలోనే కాంటన్లు, పార్టీలు, సంఘాలన్నిటి అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకుంటారు. పెద్ద పార్టీల్ని బయట ఉంచి పాలించడం నష్టమని తేలడంతో 1959 నుంచి, 2008లో కొన్ని నెలలు తప్ప, ఏడుగురు సభ్యుల ప్రభుత్వంలో నాలుగు ప్రధాన పార్టీలూ సీట్లు పంచుకుంటున్నాయి. అధ్యక్ష పదవి ఏడాదికొకరి వంతు. ఫలితం స్థిరత్వం, దాంతోపాటు నిదానం. 2012లో అందరికీ ఆరు వారాల సెలవు ఇవ్వాలా అని అడిగితే మూడింట రెండు వంతుల మంది వద్దన్నారు. ఖర్చు కూడా తామే భరించాలని తెలిసినవాళ్ల ఓటు అది.

### రైలు, ఉతుకు గది

రైళ్ల సమయపాలన వెనకా ఇలాంటి పంపకమే ఉంది. 1982 నుంచి ప్రతి గంటకూ అదే నిమిషానికి రైలు వచ్చే పట్టిక నడుస్తోంది. పెద్ద స్టేషన్లలో అన్ని దిక్కుల రైళ్లూ గంట కొట్టే ముందు చేరి, కొట్టాక కదులుతాయి. అందువల్ల ఏ రైలు నుంచి ఏ రైలుకైనా కొన్ని నిమిషాల్లో మారవచ్చు. ఇది కుదరాలంటే రెండు కూడళ్ల మధ్య ప్రయాణం గంటకు కాస్త తక్కువ ఉండాలి. జ్యూరిచ్-బెర్న్ ప్రయాణం గంట దాటేది. 2004లో కొత్త లైను వేసి గంటలోపుకు తెచ్చారు. అంతకన్నా వేగానికి డబ్బు పెట్టలేదు, పది నిమిషాలు ముందే చేరినా మారాల్సిన రైలు కోసం కూర్చోవాల్సిందే కాబట్టి.

అద్దె ఇళ్లలోనూ ఉమ్మడి వస్తువు మీద వంతుల పద్ధతి ఉంది. పాత అపార్ట్‌మెంట్లలో ఉతుకు యంత్రం నేలమాళిగలో ఉంటుంది, గోడ మీద రోజుల పట్టిక ఉంటుంది. వంతు దాటి వాడటం, డ్రైయర్ జల్లెడలో నూగు తీయకుండా వదిలేయడం ఇరుగుపొరుగు తగాదాలకు మామూలు కారణాలు. రాత్రి 10 దాటాక, ఆదివారం చప్పుడు కూడదు. చాలా కమ్యూన్లలో చెత్తను రుసుము కలిపి అమ్మే సంచిలోనే వేయాలి. మామూలు సంచిలో పడేస్తే విప్పి చూసి, ఎవరిదో పట్టుకుని జరిమానా వేస్తారు. కొత్తగా ఉద్యోగానికి వెళ్లిన తెలుగువారికి ముందుగా ఎదురయ్యేవి ఇవే. ఇవి తమను ఉద్దేశించి పెట్టినవి కావని తెలిస్తే సర్దుకోవడం సులువు.

### కట్టుబాటుకు బయట మిగిలినవారు

వాటా హక్కు ఎవరిదో గట్టిగా తేల్చే వ్యవస్థ, ఎవరిది కాదో కూడా అంతే గట్టిగా తేలుస్తుంది. స్విస్ పాస్‌పోర్టులో పుట్టిన ఊరు ఉండదు, మూలపురుషులు పౌరులుగా ఉన్న కమ్యూన్ పేరుంటుంది. ఒకప్పుడు పేదల పోషణ ఆ కమ్యూన్ బాధ్యత. ఖర్చు తగ్గించుకోవడానికి కొన్ని కమ్యూన్లు పేదల్ని ఓడ టికెట్టు కొనిచ్చి అమెరికా పంపేశాయి. అనాథలను, పేద ఇళ్ల పిల్లలను పోషణకు తక్కువ డబ్బు అడిగిన రైతుకు అప్పగించేవి. ఆ పిల్లలు జీతం లేని పాలేర్లుగా బతికారు, చాలామంది దెబ్బలు తిన్నారు. ఇది 20వ శతాబ్దం మధ్య దాటాక కూడా సాగింది. 2013లో ప్రభుత్వం అధికారికంగా క్షమాపణ చెప్పింది. 2017లో అమల్లోకి వచ్చిన చట్టం బాధితులకు తలా 25,000 ఫ్రాంకులు ఇచ్చింది. పోగొట్టుకున్న బాల్యానికి అది సరితూగదు.

మహిళలకు సమాఖ్య ఓటు హక్కు 1971లో గానీ రాలేదు. రాజ్యాంగం మార్చాలంటే అప్పటిదాకా ఓటున్న మగవాళ్లే ఒప్పుకోవాలి. 1959లో వాళ్లు కాదన్నారు. అపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్‌లో 1990లో సమాఖ్య న్యాయస్థానం ఆదేశిస్తేనే కాంటన్ ఓటు దక్కింది. ప్రత్యక్ష ప్రజాస్వామ్యాన్ని ఆదర్శంగా చూపేవారు ఈ భాగాన్ని దాటవేయకూడదు.

పౌరసత్వానికి నేటికీ మూడు మెట్లు: కమ్యూన్, కాంటన్, సమాఖ్య. 2018 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం పదేళ్ల నివాసం, శాశ్వత నివాసానికి ఇచ్చే సి పర్మిట్, ఒక జాతీయ భాషలో నిర్ణీత స్థాయి ఉండాలి. ఒకప్పుడు కొన్ని కమ్యూన్లు దరఖాస్తుదారులపై రహస్య ఓటు పెట్టేవి. కారణం చెప్పకుండా తిరస్కరించడం వివక్షకు దారితీస్తుందని 2003లో సమాఖ్య న్యాయస్థానం దాన్ని కొట్టేసింది.

### పచ్చికకు ముందున్న చిక్కు

ఆల్ప్స్‌లో ఉష్ణోగ్రత ప్రపంచ సగటు కంటే దాదాపు రెట్టింపు వేగంతో పెరిగింది. 2022, 2023 రెండేళ్లలోనే స్విస్ హిమానీనదాలు తమ పరిమాణంలో పదో వంతు కోల్పోయాయి. రాళ్లను పట్టి ఉంచే శాశ్వత గడ్డకట్టు నేల కరిగితే శిఖరాలు విరుగుతాయి. పచ్చికలకు కరువు వస్తుంది. 2018 వేసవిలో సైన్యం హెలికాప్టర్లతో పైనున్న మందలకు నీళ్లు మోసింది. రోజుకు పన్నెండు గంటలకు పైగా సాగే ఆల్ప్ పనికి మనుషులు దొరకడమూ కష్టమవుతోంది.

మేపడం ఆపేస్తే ప్రకృతి తనంతట తాను కోలుకుంటుందన్న వాదన ఉంది. నిటారు వాలుల మీద అది పూర్తిగా నిజం కాదు. మేయని గడ్డి పొడవుగా పెరిగి చలికాలంలో కిందికి ఒరిగి, నున్నటి చాప పరిచినట్టవుతుంది. దాని మీద మంచు సులువుగా జారుతుంది. తర్వాత పొదలు పాకి పచ్చికను మింగేస్తాయి. అందుకే ప్రభుత్వం ఆల్ప్ మేతకు విడిగా సొమ్ము ఇస్తుంది. లెక్కకు కొలమానం నార్మల్‌స్టోస్, అంటే ఒక పెద్ద పశువు వంద రోజులు మేసే మేత. ప్రతి ఆల్ప్‌కూ ఎన్ని స్టోస్‌లు తట్టుకోగలదో నిర్ణయించి ఉంటుంది. మంద అందులో 75 నుంచి 110 శాతం మధ్య ఉంటే పూర్తి సొమ్ము అందుతుంది. 110 దాటితే కోత, 115 దాటితే అసలే ఇవ్వరు. 75 కంటే తగ్గితే నిజంగా మేసిన పశువుల లెక్కనే ఇస్తారు. 1517లో టోర్బెల్ రాసుకున్నది గరిష్ఠ పరిమితి ఒక్కటే. ఇప్పుడు కనిష్ఠ పరిమితి కూడా అవసరపడింది.